కొత్త రేటు, కొత్త ఉత్తర్వు వెబ్‌సైటులో పడగానే తెలుసుకోవడం ఎలా?

కలికిరి: ఉల్లి ఎగుమతులపై కేంద్రం 40 శాతం సుంకం విధించింది 2023 ఆగస్టు 19న. ఆ రోజు శనివారం. అంతకు నాలుగేళ్ల ముందు ఉల్లి ఎగుమతిని మొత్తంగా నిషేధించింది 2019 సెప్టెంబరు 29న. అది ఆదివారం. ముడి వంటనూనెల మీద మూల కస్టమ్స్ సుంకం సున్న నుంచి 20 శాతానికి పెరిగింది 2024 సెప్టెంబరు 13, శుక్రవారం నాటి నోటిఫికేషన్‌తో. తెల్లవారి నుంచే అమలు. ఇలాంటి ఉత్తర్వు సంగతి మరునాడు పత్రికలో చదివి తెలుసుకున్న వర్తకుడికీ, రాత్రే తెలుసుకున్న వర్తకుడికీ పది పన్నెండు గంటల తేడా ఉంటుంది. రేవుకు బయలుదేరిన లారీని ఆపడమా, పోనివ్వడమా, ఉన్న స్టాకుకు పాత రేటే చెప్పడమా అన్నవి ఆ కొద్ది గంటలలోనే తేలిపోతాయి.

ఇటువంటి ఉత్తర్వులు ఇప్పుడు సంబంధిత శాఖల వెబ్‌సైట్లలో పెడుతున్నారు. అడిగినవాడికీ అడగనివాడికీ ఒకేసారి అందుబాటులో ఉంటాయి. అయినా తెలిసేది కొందరికే. కారణం పెద్దదేమీ కాదు. దుకాణం కట్టేసి ఇంటికి పోయినవాడు శనివారం రాత్రి ఢిల్లీ వెబ్‌సైటు తెరిచి చూడడు. చూడమని చెప్పడమూ ఈ వ్యాసం ఉద్దేశం కాదు. వెబ్‌సైటు దగ్గరికి మనం పదేపదే పోకుండా, అందులో కొత్తది పడినప్పుడు కబురు మన దగ్గరికే వచ్చే ఏర్పాట్లు ఉన్నాయి. చాలావరకు పైసా ఖర్చు లేనివి. కలికిరి, మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల మండీదారులు, కిరాణా టోకు వర్తకులు, దళారులు వాటిని ఎలా వాడుకోవచ్చో చూద్దాం.

పప్పుల స్టాకు తిప్పలు

ఉల్లి మనకు దూరపు సరుకు అనుకునేవారికి కందిపప్పు సంగతి చెప్పాలి. కంది, మినుముల నిల్వలపై 2023 జూన్ 2న కేంద్రం పరిమితి విధించింది. టోకు వర్తకుడికి ఒక్కొక్క పప్పుకు 200 టన్నులు, చిల్లర దుకాణానికి 5 టన్నులు. నిల్వల లెక్కలు ప్రభుత్వ పోర్టల్‌లో చూపాలన్నారు. సెప్టెంబరు 25న టోకు వర్తకుల పరిమితిని 200 నుంచి ఏకంగా 50 టన్నులకు తగ్గించారు. నవంబరు 6న మళ్ళీ 200 చేశారు. అయిదు నెలల్లో మూడు మార్పులు. గోడౌనులో 120 టన్నుల కంది పెట్టుకున్న వర్తకుడు జూన్‌లో నిబంధన ప్రకారం ఉన్నవాడే. సెప్టెంబరు ఉత్తర్వు తరువాత అదే సరుకుతో నిత్యావసర సరుకుల చట్టం కింద జవాబు చెప్పుకోవలసినవాడయ్యాడు. నవంబరులో మళ్ళీ నిర్దోషి! సరుకు కదలలేదు, మనిషి మారలేదు, వెబ్‌సైటులో కాగితం మారింది. తనిఖీ అధికారి వచ్చినప్పుడు ‘మాకు తెలియదు’ అనే జవాబు చెల్లదని వేరే చెప్పనక్కరలేదు.

కడప జిల్లా కృష్ణాపురం ఉల్లి బేరగాళ్లకు దీనికి భిన్నమైన అనుభవం. ఆ ఉల్లి మన వంటింట్లో వాడేది కాదు, ఎగుమతి కోసమే పండించేది. 2020 సెప్టెంబరు 14న ఎగుమతి నిషేధం రాగానే పంటకు దారి మూసుకుపోయింది. అక్టోబరులో ఆ రకానికి ప్రత్యేకంగా 10,000 టన్నుల వరకు, అదీ చెన్నై రేవు మీదుగా మాత్రమే, మినహాయింపు ఇచ్చారు. ఇలా కోటా కట్టి ఇచ్చే అనుమతిలో ముందు తెలిసినవాడికే ముందు వరుస. కాబట్టి చెడు వార్త కోసమే కాదు, మంచి వార్త కోసం కూడా కన్ను వేసి ఉంచాలి.

టమోటా నేర్పిన పాఠం

ఇక మన టమోటా. 2023 జూలైలో దేశమంతటా ధర మండిపోతుండగా, ఆంధ్ర, కర్ణాటక, మహారాష్ట్ర మార్కెట్లలో టమోటా కొని ఉత్తరాది నగరాలలో తక్కువ ధరకు అమ్మవలసిందిగా నాఫెడ్, ఎన్.సి.సి.ఎఫ్. సంస్థలను ఆదేశించినట్లు 12వ తేదీన కేంద్రం ప్రకటించింది. 14న ఢిల్లీలో కిలో 90 రూపాయలకు అమ్మకం మొదలైంది. 16న 80, 20న 70, ఆగస్టు 15న 50, 20న 40 రూపాయలకు దించారు. ప్రతి మెట్టునూ ప్రభుత్వ పత్రికా సమాచార కార్యాలయం, అంటే పి.ఐ.బి., తన వెబ్‌సైటులో పెడుతూ వచ్చింది. నేపాల్ నుంచి దిగుమతి మొదలుపెడుతున్నట్లు ఆగస్టు 10న పార్లమెంటులోనే చెప్పారు.

ఇందులో ఒక తిరకాసు ఉంది. ఢిల్లీలో సర్కారు రేటు 90 నుంచి 70కి దిగిన తరువాత కూడా మదనపల్లెలో ధర ఎగబాకుతూనే పోయి, జూలై ఆఖరున మొదటి రకం కిలో 200 రూపాయలకు చేరువైంది. ఢిల్లీ ప్రకటన చూసి ‘ఇక మందీయే’ అనుకున్నవాడు అక్కడ దెబ్బతిన్నట్లే. సరుకు రాబడి తక్కువగా ఉన్నంతకాలం ధర నిలిచింది. కొత్త పంట దిగి రాబడి పెరిగాక సెప్టెంబరులో కుప్పకూలింది. అందుచేత ఢిల్లీ ప్రకటనలు ఒక్కటే చూసినా చాలదు, పక్క మార్కెట్ల రాబడి ఒక్కటే చూసినా చాలదు. రెండూ ఒకచోట కనబడేలా చేసుకోవాలి.

ఏ వెబ్‌సైట్లు?

ముందుగా జాబితా చిన్నదిగా ఉండాలి. ఇరవై వెబ్‌సైట్లు పెట్టుకున్నవాడు వారం తిరిగేసరికి ఒక్కటీ చూడడు. మన ప్రాంతపు టమోటా మండీకి అయిదారు చాలు. 2000 సంవత్సరం నుంచి దేశంలోని మార్కెట్ యార్డుల రోజువారీ రాబడి, కనిష్ఠ, గరిష్ఠ, మోడల్ ధరలు ఇస్తున్న ఆగ్‌మార్క్‌నెట్. 2016 ఏప్రిల్ 14న మొదలైన ఇ-నామ్. కర్ణాటక మార్కెటింగ్ బోర్డు వారి కృషి మారాట వాహిని. కోలారు, ముళబాగిలు, చింతామణి వైపు కదలికలకు ఇది అవసరం. వాతావరణ శాఖ. కేంద్ర ప్రకటనలకు పి.ఐ.బి. ఎగుమతి దిగుమతులతో సంబంధం ఉన్నవారు విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ జనరల్, కస్టమ్స్ బోర్డుల వెబ్‌సైట్లు చేర్చుకోవాలి. నూనె వర్తకుడికి వాయిదా వ్యాపార ఎక్స్ఛేంజీల సర్క్యులర్లు కూడా కావాలి.

చదివేటప్పుడు లెక్క తప్పకూడదు. ఆగ్‌మార్క్‌నెట్ ధర క్వింటాలుకు. కోలారులో బేరం 15 కిలోల పెట్టెకు. మనవైపు క్రేటు పెద్దది, మాట కిలోకో పది కిలోలకో చెబుతారు. కోలారులో పెట్టె 600 అంటే కిలో 40, క్వింటాలు 4,000. గుమాస్తా బల్ల మీద ఈ పట్టిక రాసి అంటించుకోవడం మంచిది. రేటు పక్కన తేదీ చూడడం అంతకంటె ముఖ్యం. ఆ రోజు లెక్క ఎక్కించని మార్కెట్టు పేరు ఎదుట పాత తేదీ రేటే కనబడుతుంది. దాన్ని ఈనాటి రేటుగా భ్రమించి లారీ పంపితే బాడుగ మీదపడుతుంది.

ఫీడు అనే సదుపాయం

కొత్తవి తెలుసుకునే మార్గాలలో పాతది, ఇప్పటికీ నమ్మకమైనది ఆర్.ఎస్.ఎస్. ఫీడు. ఇది సాంకేతిక పదం, వేరే అర్థం తీయనక్కరలేదు. 1999లో నెట్‌స్కేప్ కంపెనీ దీన్ని ప్రవేశపెట్టింది. వెబ్‌సైటువారు తమ పుటలతోపాటు చిన్న జాబితా ఒకటి విడిగా నడుపుతారు. కొత్త ప్రకటన వచ్చినప్పుడల్లా దాని శీర్షిక, తేదీ, లింకు ఆ జాబితాలో పైన చేరుతాయి. మన ఫోనులో ‘ఫీడ్ రీడర్’ అనే యాప్ పెట్టుకొని ఆ జాబితా చిరునామా ఇస్తే, అది కొంతసేపటికొకసారి తానే పోయి చూసి, కొత్తవి మాత్రం తెచ్చి వరుసలో పెడుతుంది. పది వెబ్‌సైట్ల కొత్త ప్రకటనలు ఒకే తెర మీద, తేదీ క్రమంలో కనబడతాయి. చదివినవి పక్కకు పోతాయి. మండీలో దినవారీ చిట్టా చూసినట్లే ఉంటుంది.

నారింజ రంగు చదరంలో తెల్లటి వంపు గీతలు ఉన్న గుర్తు వెబ్‌సైటులో కనబడితే ఫీడు ఉన్నట్లు. పి.ఐ.బి., రిజర్వు బ్యాంకు, సెబీ ఈ సదుపాయం ఇస్తున్నాయి. ఫీడ్లీ, ఇనోరీడర్ వంటి యాప్‌లు కొద్ది వెబ్‌సైట్లకు ఉచితంగానే పనిచేస్తాయి. ఒకప్పుడు అందరూ వాడిన గూగుల్ రీడర్ 2005లో వచ్చి 2013 జూలై 1న మూతపడింది. చిత్రమేమిటంటే అదే నెల 15న మన తంతి సర్వీసు కూడా ఆగిపోయింది. ట్రంకు కాల్ బుక్ చేసి గంటల తరబడి కాచుకున్న తరం, ‘రేటు తగ్గింది, లోడు ఆపు’ అని తంతి కొట్టిన తరం మండీలలో ఇంకా ఉంది. వారికి ఈ ఫీడు వింతగా తోచదు. కోరినవారికి మాత్రం, కోరిన కబురు మాత్రం, వరుసగా రావడం వారికి తెలిసిన పద్ధతే.

గూగుల్ రీడర్ మూతపడిన తరువాత చాలామంది ఫీడును మరిచిపోయి ఫేస్‌బుక్, ట్విట్టర్లకు అలవాటుపడ్డారు. వ్యాపారికి ఇది నష్టం. అక్కడ ఏది ముందు చూపాలో కంపెనీ లెక్క నిర్ణయిస్తుంది. మూడు రోజుల కిందటి ప్రకటన పైన, గంట కిందటిది అడుగున కనబడవచ్చు. ఫీడులో ఆ బాధ లేదు.

ఫీడు లేని పుటలకు

పని ఇక్కడే కాస్త చిక్కు. చాలా మార్కెట్ పుటలకు, జిల్లా వెబ్‌సైట్లకు ఫీడు ఉండదు. జిల్లా ఉత్తర్వులను చిన్నవిగా చూడరాదు. 2025 జూన్‌లో బయటి రాష్ట్రాల తోతాపురి మామిడి జిల్లాలోకి రాకుండా చిత్తూరు కలెక్టరు ఉత్తర్వు ఇచ్చారు. సరిహద్దు అవతల శ్రీనివాసపురం వైపు కాయకు ఒక్కసారిగా దారి మూసుకుపోయి, విషయం ఇద్దరు ముఖ్యమంత్రుల మధ్య ఉత్తరాల దాకా వెళ్ళింది. కుప్పం, పుంగనూరుల నుంచి రెండు రాష్ట్రాల కాయతో బేరం చేసేవారికి అటువంటి కాగితం ఢిల్లీ నోటిఫికేషన్ కంటె దగ్గర దెబ్బ.

ఇటువంటి పుటలను కాపలా కాసే సర్వీసులు ఉన్నాయి. విజువల్‌పింగ్, డిస్టిల్ అనేవి వాటిలో పేరున్నవి. పుట చిరునామా ఇచ్చి, ఎంతసేపటికొకసారి చూడాలో చెబితే, నిన్నటి పుటతో ఈనాటి పుటను పోల్చి, తేడా ఉంటే ఈమెయిల్ పంపుతాయి. ఇందులో ఒక కిటుకు తెలిసి ఉండాలి. పుట మొత్తాన్ని కాపలా పెడితే, పక్కన తిరిగే బొమ్మ మారినా, ‘సందర్శకుల సంఖ్య’ మారినా కబురు వస్తుంది. రోజుకు యాభై దొంగ కబుర్లు వస్తే అసలు కబురు చూడడం మానేస్తాం. ‘ఉత్తర్వులు’, ‘నోటిఫికేషన్లు’ అన్న జాబితా భాగం వరకే గీత గీసి ఎంచుకోవాలి. ఉచిత ఖాతాలో ఎన్నిసార్లు చూడాలన్నదానికి హద్దు ఉంటుంది. ఉత్తర్వుల పుటకు రోజుకు రెండు మూడుసార్లు చాలు. గంట గంటకూ కావలసినవాడు చందా కట్టుకోవాలి, పెద్ద ఎగుమతిదారుకు ఆ ఖర్చు దండగ కాదు.

గూగుల్ అలర్ట్స్ మరొకటి. ఇది ఫలానా వెబ్‌సైటును కాక, ఫలానా మాటను వెతుకుతుంది. ‘మదనపల్లె టమోటా’, ‘కోలారు టమోటా’, ‘పప్పుల నిల్వ పరిమితి’ వంటివి తెలుగులో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి ఇవ్వాలి. పత్రికలలో వచ్చినది పట్టుకోవడానికి మంచిది. కాని అన్నిటినీ పట్టదు, వెంటనే పట్టదు. దీన్ని నమ్ముకొని మిగతావి మానరాదు.

కంప్యూటరుతో కాస్త పరిచయమున్న కుర్రవాడు ఇంట్లో ఉంటే మరో దారి. కేంద్రం నడిపే డేటా.గవ్.ఇన్ వెబ్‌సైటులో ఆగ్‌మార్క్‌నెట్ రోజువారీ ధరలను యంత్రమే చదువుకునే రూపంలో ఇస్తున్నారు. దాన్ని నేరుగా ఎక్సెల్ పట్టికలోకి తెచ్చుకొని, మదనపల్లె, కలికిరి, కోలారు పేర్లు మాత్రం ఏరుకోవచ్చు. ఇంజనీరింగ్ కాలేజీ ఉన్న కలికిరిలో ఈ పని చేసిపెట్టే కుర్రవాళ్లకు కొదువ ఉండదు.

వాట్సప్ సంగతి

నిజానికి యార్డులో నూటికి తొంభైమంది చూసేది వాట్సప్పే. అందులో రెండు రకాలున్నాయి. ఒకటి గ్రూపు. పదిమంది పది మాటలు వేస్తారు, పెళ్ళి ఫొటోల మధ్య రేటు దొర్లిపోతుంది. రెండవది 2023 సెప్టెంబరులో మనదేశంలో వచ్చిన చానల్. ఇందులో నడిపేవారు మాత్రమే రాస్తారు, మిగతావారు చదువుతారు. అవసరమైన శాఖకు, పత్రికకు చానల్ ఉంటే చేరి, దాని గంట గుర్తు నొక్కి ఉంచాలి. నొక్కకపోతే కబురు వచ్చినా చప్పుడు కాదు. టెలిగ్రామ్ చానళ్ళదీ ఇదే పద్ధతి. ఫోనులో బ్యాటరీ పొదుపు పెట్టినవారికి యాప్‌లు నిద్రపోయి కబుర్లు ఆలస్యమవుతాయి. ఈ రెండు మూడు యాప్‌లకు ఆ పొదుపు వర్తించకుండా సెట్టింగులలో మార్చుకోవాలి.

చానల్‌లో చేరడానికి ముందు నడిపేది ఎవరో చూడాలి. శాఖ పేరు, ప్రభుత్వ చిహ్నం పెట్టుకున్న ప్రతి చానలూ శాఖది కాదు. శాఖ వెబ్‌సైటులోనే ఇచ్చిన లింకు ద్వారా చేరితే మోసం ఉండదు.

ఫార్వర్డు వచ్చిన ఉత్తర్వు విషయంలో ఇంకా గట్టిగా ఉండాలి. నిరుటి ఎగుమతి నిషేధం కాగితం ఈ ఏడు మళ్ళీ తిరగడం, దాని మీద బేరాలు ఆగిపోవడం మార్కెట్లకు కొత్త కాదు. కాగితం మీద నోటిఫికేషన్ నంబరు, తేదీ చూసి, అదే నంబరు శాఖ వెబ్‌సైటులో ఉన్నదా అని సరిచూడడానికి రెండు నిమిషాలు పడుతుంది. గెజెట్ ప్రకటనలైతే ఇ-గెజెట్ వెబ్‌సైటులో దొరుకుతాయి. కేంద్ర ప్రభుత్వం పేరిట తిరిగే దొంగ కబుర్లను తేల్చడానికి పి.ఐ.బి. 2019లో ఒక విభాగం పెట్టింది. అక్కడ అడగవచ్చు. కావాలనే పాత కాగితం వదిలి, మందీ చేసి కొనేవారు ఉంటారన్నది వర్తకులకు నేను చెప్పాలా?

రైతు చేతిలోనూ అదే ఫోను

ఈ మార్గాలన్నీ వర్తకుడి సొత్తు కాదు. మదనపల్లె, పలమనేరు పట్టుగూళ్ల మార్కెట్లకు వచ్చే రైతు, రామనగరం, శిడ్లఘట్టలలో నిన్న కిలో ఎంత పలికిందో ఫోనులో చూసుకొని వస్తున్నాడు. టమోటా రైతు వేలంపాటలో నిలబడి కోలారు రేటు చెబుతున్నాడు. ఒకప్పుడు దూరపు రేటు తెలిసినవాడు మండీదారు ఒక్కడే, దాని మీద కొంత మిగులు ఉండేది. ఆ మిగులు పోయింది. ఇది కొందరు దళారులకు రుచించదు. కాని రైతుకు తెలియని రేటు మీద బతికే వ్యాపారం ఇక నిలుస్తుందని ఈ వ్యాసకర్తకు నమ్మకం లేదు. రైతు అడిగేసరికి ఆ రేటు ఏ రకం కాయది, ఎంత రాబడి మీద, ఏ తేదీది అని విడమరిచి చెప్పగలిగిన మండీకే వచ్చే కోతకు సరుకు వస్తుంది. అందుకు మండీదారు రైతుకంటె ముందు చూసి ఉండాలి.

ఏర్పాటుకు ఒక ఆదివారం మధ్యాహ్నం చాలు. ఫీడు ఉన్నవాటిని రీడరులో, లేనివాటిని కాపలా సర్వీసులో వేయాలి. రోజూ తప్పక చూడవలసిన రేట్ల పుటలు రెండు మూడింటిని బ్రౌజరులో ఒకే ఫోల్డరుగా దాచుకుంటే, ఒక్క నొక్కుతో అన్నీ తెరుచుకుంటాయి. గుమాస్తా ఒకడికి పాటకు ముందు ఒకసారి, రాత్రి దుకాణం కట్టే ముందు ఒకసారి చూసే పని అప్పగించి, చూసినది పుస్తకంలో రాయించాలి. శని, ఆదివారాలు యజమాని ఫోనుకే కబురు వచ్చేలా పెట్టుకోవాలి. మూడు నెలలకొకసారి జాబితా తిరగేసి, పనికిరానివి తీసెయ్యాలి. వెబ్‌సైటువారు చిరునామా మార్చినప్పుడు ఫీడు చెప్పకుండా ఆగిపోతుంది. వారం రోజులు ఏమీ రాకపోతే ‘కొత్తది లేదు’ అనుకోక, వెళ్ళి చూసి రావాలి.

ఇంత చేసినా మిగిలే ఖాళీ ఒకటుంది. ఈ రాత్రి వడ్డహళ్ళి నుంచి ఎన్ని లారీలు కదిలాయి, వాన పడిన చేలలో కాయ పగిలిందా లేదా అన్నవి ఏ వెబ్‌సైటులోనూ ఆ రాత్రికే రావు. వాటికి ఇప్పటికీ లారీ డ్రైవరుకో, తోట దగ్గరి మనిషికో ఫోను చేయవలసిందే.